ఒకే లాగిన్, రెండు బెడ్లు

2019లో గుంటూరులోని ఒక ప్రైవేటు ఆసుపత్రికి వార్డు సాఫ్ట్‌వేర్ చేసిపెట్టాను. ఏ పేషెంటుకు ఏ మందు ఎప్పుడిచ్చారో నర్సులు కంప్యూటర్లో ఎక్కించాలి. కరెంటు పోతే సగం కొట్టిందంతా ఎగిరిపోయేది.

"ఏవండీ, మేము మందులివ్వాలా, ఇదే మళ్లీ మళ్లీ కొట్టుకుంటూ కూర్చోవాలా?" అని హెడ్ నర్సు సువార్త గారు నన్ను నిలబెట్టి కడిగేశారు.

ఎవరు ఏ పేషెంటు షీటు తెరిచి ఎంతవరకు నింపారో సర్వర్ గుర్తుపెట్టుకోవడాన్ని సెషన్ అంటారు. మామూలుగా జావా ఫ్రేమ్‌వర్క్, అంటే నేను పునాదిగా వాడుకున్న రెడీమేడ్ కోడ్, ఒక్కో బ్రౌజర్‌కు ఒక్కో సెషన్ ఇస్తుంది. నేను నా తెలివంతా వాడి, దాన్ని లాగిన్ పేరు మీద డేటాబేసులో దాచేలా మార్చాను. ఇక కరెంటు వచ్చాక ఏ కంప్యూటర్ ముందు కూర్చున్నా ఆపిన చోటినుంచే మొదలవుతుంది. సువార్త గారు మెచ్చుకుని టీ తెప్పించారు. వార్డంతా ఒకే లాగిన్ వాడుతున్నారని, పాస్‌వర్డు ప్లాస్టరు మీద రాసి మానిటర్‌కు అంటించారని ఆ రోజే చూశాను. నవ్వుకుని వచ్చేశాను.

పత్తికి పురుగుమందు కొట్టే రోజులు. ఒక మధ్యాహ్నం ఆ విషం ఒంటికి పట్టి పడిపోయిన కూలీలిద్దరిని పక్కపక్క బెడ్ల మీద చేర్చారు. వాళ్లలో ఒకతను కోటయ్య. ఒక నర్సు కోటయ్య పక్క బెడ్డు అతని షీటు తెరిచిపెట్టి, అతనికి విరుగుడు ఇంజెక్షన్ ఇచ్చి వచ్చింది. ఈలోగా సువార్త గారు ఇంకో కంప్యూటర్లో కోటయ్య షీటు తెరిచారు. లాగిన్ ఒకటే కాబట్టి సెషనూ ఒకటే, సర్వర్‌కు గుర్తుండేది చివరగా తెరిచిన షీటే. ఆ నర్సు 'ఇచ్చాము' అని నొక్కితే అది కోటయ్య షీటులో పడింది. డ్యూటీ మారి వచ్చినామె అది చూసి కోటయ్యకు ఇంజెక్షన్ ఇవ్వలేదు. సాయంత్రానికి చనిపోయాడు.

మర్నాడు సర్వర్ రికార్డులు తీసి చూస్తే ఇదంతా బయటపడింది.

"ఇచ్చినా బతికేవాడని చెప్పలేం. నర్సుల పొరపాటని రాసివ్వండి, చాలు" అన్నాడు ఆసుపత్రి మేనేజరు.

తప్పు నా కోడ్‌దని రాసిచ్చాను. బయటికొస్తుంటే కోటయ్య భార్య ఆపింది.

"కంప్యూటర్లో ఇచ్చినట్టే ఉందంటగా అయ్యా. మా ఆయనకి ఇవ్వకపోతే మరి ఎవరికిచ్చారు?"

"పక్క బెడ్డు అతనికమ్మా."

"బతికాడా?"

"బతికాడమ్మా."

తలూపింది. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

సెషన్‌ను మళ్లీ బ్రౌజర్‌కే కట్టేశాను, నర్సులకు విడివిడిగా లాగిన్‌లు ఇప్పించాను. ఇప్పుడు ఎక్కడికెళ్లినా ముందు ఒక రోజంతా అక్కడి మనుషుల పక్కన కూర్చుని, వాళ్లు పనెలా చేసుకుంటున్నారో చూశాకే కోడ్ ముట్టుకుంటాను. అందరూ ఒకే లాగిన్ వాడటం చూసిన రోజే, ఇద్దరు ఒకేసారి వాడితే ఏమవుతుందని నన్ను నేను ఒక్క మాట అడిగితే సరిపోయేది. అడగలేదు. ఒక మనిషి పోయాడు.