ఆనందకుమారి కుంటకు అలుగు మూసిన ఘనులు

హర్యానాలో సోహ్నా దాటాక ఆరావళి గుట్టల కింద రిటైరైన ఆఫీసర్ల ఫారం కాలనీ ఒకటి ఉంది. ఢిల్లీలో దేశాన్ని నడిపి అలసినవారంతా అక్కడ చేరి కాలనీని నడుపుతున్నారు. వారి మధ్య నడపడానికి ఏమీ లేని మనిషి ఆనందకుమారి ఒక్కతే.

తెనాలి వైపు నుంచి వచ్చి, ఆసుపత్రిలో నర్సుగా పనిచేసి, భర్త అంద్రెయతో కలిసి తన స్థలంలోని పల్లానికి అడ్డంగా మట్టిగట్టు వేయించింది. వాన నీరు నిలిచి కుంటైంది. ఎక్కువైన నీరు పొర్లి వాగులోకి పోవడానికి గట్టు చివర రాళ్లు పరిచి అలుగు వదిలారు. అంద్రెయ పోయాక కూడా ఆమె పొద్దున్నే గట్టు మీద నడిచి, ఎలుక బొరియలు పూడ్చి వచ్చేది. నీల్‌గాయిలనే మనుబోతులు, నక్కలు, తీతువులు ఆ నీటికే వచ్చేవి. వేసవిలో వాటికి చుట్టుపక్కల వేరే నీరు లేదు.

ఆ యేడు కూతురు కెరెన్ పురిటికని ఆమె ఘాజియాబాద్ వెళ్లింది. సరిగ్గా అప్పుడే కాలనీ సంఘానికి జలసంరక్షణ మీద భక్తి పుట్టింది. అధ్యక్షులు సుందరరామయ్య గారు అలుగును పరిశీలించి, దేశంలో నీరు వృథా అవుతున్నది ఇక్కడేనని కనిపెట్టారు. తీర్మానం చేశారు. పరాయి స్థలం గురించి తీర్మానం చెల్లుతుందా అన్న అల్పసందేహం ఎవరికీ రాలేదు. అలుగును సిమెంటు గోడతో మూసి, దానికి పాలరాతి పలక బిగించారు. పలక మీద అందరి పేర్లూ హోదాలతో సహా చెక్కించారు, ‘రిటైర్డ్’ అన్న ఒక్క మాట తప్ప. రిబ్బను కత్తిరించి సమోసాలు తిన్నారు.

తరవాత ముసురు పట్టింది. ఆనందకుమారి తిరిగొచ్చేసరికి నీరు గట్టు అంచుకు జానెడు దూరం దాకా ఎక్కింది. తడిసిన చీరతోనే సుందరరామయ్య గారింటికి పరుగెత్తింది.

“ఏవండీ, నా అలుక్కి సిమెంటు కొట్టించారేంటండీ?”

“అచ్ఛా, వచ్చారా మేడమ్! చూశారుగా, ఒక్క చుక్క బయటికి పోలేదు.”

“అది పోకపోతే గట్టే పోద్దండి! పైనించి పొర్లిందంటే మట్టంతా కోసుకుపోద్ది. కుంట ఖాళీ.”

“ఠీక్ హై, కంగారు పడకండి. ఆదివారం మీటింగులో పెడదాం.”

“ఆదివారం దాకా ఆగమని వానకి మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?”

“ప్రొసీజర్ అంటూ ఒకటుంటుంది కదమ్మా. ఆ గోడ సంఘం ఆస్తి.”

“గోడ మీదేనండి. నేల నాది.”

ఆమె ఇంటికెళ్లి గడ్డపార తీసుకుని అలుగు దగ్గరికి నడిచింది. గోడ ఓ పట్టాన లొంగలేదు. సంఘం గట్టిగా చేసిన పని పుట్టి బుద్ధెరిగాక అదొక్కటే మరి. వెనకే గొడుగుతో వచ్చిన అధ్యక్షులవారు, “పలక! పలక జాగ్రత్త, పేర్లున్నాయి!” అని కేకలు పెట్టారు.

“పేర్లు తడిస్తే పోవులెండి. పక్కకి జరగండి, కాళ్లమీద పడుద్ది!”

గోడ విరిగింది. నీరు రాళ్ల మీదుగా వాగులోకి దూకింది. మట్టం దిగేదాకా ఆమె గడ్డపార వదల్లేదు, ఆయన గొడుగు వదల్లేదు.

సోమవారం, సంఘం ఆస్తిని ధ్వంసం చేసినందుకు సంజాయిషీ చెప్పమని ఆమెకు నోటీసు వచ్చింది. జవాబుగా ఆమె గోడ ముక్కలన్నీ ట్రాక్టరు మీద వేయించి, సంఘం ఆఫీసు గుమ్మానికి అడ్డంగా దింపించి, ఆ పలకను అన్నిటికన్నా పైన పెట్టించి, గట్టు చూసుకోవడానికి వెళ్లిపోయింది.