రెండంగుళాల మర్యాద

తండ్రి పోతూ పోతూ పెద్దకొడుక్కి కత్తెర, చిన్నకొడుక్కి టేపు ఇచ్చాడు. సమానంగా పంచానని ఆయన నమ్మకం. కత్తెర ఉన్నవాడు ఎక్కడైనా కొట్టు పెట్టుకోగలడు. టేపు ఉన్నవాడు ఎవరి కత్తెర పక్కనో బతకాలి. ఆ సంగతి ఆయనకు తట్టలేదో, తట్టే అలా చేశాడో మనకు తెలియదు. చిన్నవాణ్ని వీధంతా టేపు అనే పిలిచేది. నలభై దాటినా అన్నయ్య కొట్లో కొలతలు తీస్తూ, అన్నయ్య ఇంటి మేడగదిలో పడుకుంటూ, వదిన వడ్డించింది తింటూ ఉండిపోయాడు. బట్ట కోయడం నేర్పమని అడిగినప్పుడల్లా అన్నయ్య నవ్వేవాడు.

"నీకెందుకురా ఆ తలనొప్పి? నేను లేనా?"

ఉన్నాడు. బాధంతా అదే కదా!

ఆ కొట్లో తండ్రి నాటినుంచీ ఒక పద్ధతి ఉంది. ఆడవాళ్ళ నడుము కొలిచినప్పుడు టేపు ఎంత చూపిస్తే అందులో రెండంగుళాలు తగ్గించి పైకి చదవాలి. తెర వెనక బల్ల దగ్గరుండే అన్నయ్య ఆ రెండూ మళ్ళీ కలుపుకుని బట్ట కోస్తాడు. వచ్చినావిడ మురిసిపోతుంది, బట్ట అతికినట్టు సరిపోతుంది, మళ్ళీ ఇక్కడికే వస్తుంది. తండ్రి దీనికి పెట్టిన పేరు మర్యాద. తమ్ముడికి మాత్రం ఆ మర్యాద గొంతులో ముల్లులా ఉండేది. పొద్దస్తమానం నోరు తెరిస్తే అబద్ధం, అదీ తనది కాని అబద్ధం. ఒక్కసారైనా, ఒక్కరితోనైనా చూసింది చూసినట్టు చెప్పాలని మనసు పీకేది. చెబితే కొట్టు పేరు పోతుందని అన్నయ్య, అన్నయ్య మనసు కష్టపెట్టకని వదిన. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

చలి మొదలవుతుండగా టీచరమ్మ వచ్చింది. ఉద్యోగం మానేసి చాన్నాళ్ళయినా వీధికి ఆవిడ టీచరమ్మే. ఏటా ఇక్కడే బట్టలు కుట్టించుకునే మనిషి, ఈ ఏడు జబ్బుపడి బొత్తిగా కనబడలేదు. భర్తని చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చి వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టి, తాను లోపలికొచ్చి గొంతు తగ్గించింది.

"చలికోటు కుట్టాలి నాయనా. దానికంటే ముందు ఒక్క మాట. ఇంట్లో అందరూ బాగా కోలుకున్నావు, బుగ్గలొచ్చాయి అంటున్నారు. మా ఆయన మరీను. ప్రేమే, కాదన్ను. కానీ ఒక్కరూ నిజం చెప్పరు. నువ్వైనా చెప్పు."

అడగాల్సిన మనిషి అడగనే అడిగింది. అతను కొలిచి, ఉన్నది ఉన్నట్టు చదివాడు.

"ముప్ఫై రెండు!"

"పోయినేడు ముప్ఫై నాలుగన్నావు. అంటే రెండే తగ్గాను." టీచరమ్మ ముఖం విప్పారింది. "రెండే అయితే భయం లేదు. మళ్ళీ మనిషినవుతాను. మా ఆయనకీ ఇదే చెబుతాను."

అప్పుడే అతని గుండె గతుక్కుమనాల్సింది. అనలేదు. నిజం చెప్పానన్న సంబరంలో మనవాడు నేల మీద లేడు. ఆ సంబరంలోనే అన్నయ్యకి ఒక మాట చెప్పడం కూడా మరిచాడు. తెర వెనక అన్నయ్య ముప్ఫై రెండని విన్నాడు, అలవాటు ప్రకారం ముప్ఫై నాలుగుకి కోశాడు.

మరుసటి వారం టీచరమ్మ కోటు తొడుక్కుని అద్దం ముందు నిలబడింది. కోటు వేలాడింది. నడుము దగ్గర మిగిలిన బట్టని గుప్పిట పట్టుకు చూసుకుంది. ముఖంలో నెత్తురు లేదు.

"వారంలోనే ఇంత పోయానా?"

అన్నయ్య తెర తొలగించి చూశాడు. "మావాడు కొలత తప్పు తీసుంటాడమ్మా. ఈమధ్య వీడికి ధ్యాస ఉండట్లేదు."

"తప్పు కాదన్నయ్యా," అన్నాడు తమ్ముడు. పుట్టి బుద్ధెరిగాక అన్నకి ఎదురు చెప్పడం అదే మొదలు. టీచరమ్మ వైపు తిరిగి గొంతు తగ్గించి ఒప్పేసుకున్నాడు. "మా కొట్లో రెండు తగ్గించి చదువుతామమ్మా. అన్నయ్య కలుపుకుని కోస్తాడు. మీరు అడిగారని ఆ రోజు తగ్గించలేదు. ఆ సంగతి అన్నయ్యకి చెప్పలేదు, అంతే. మీరేం తగ్గలేదు."

అన్నయ్య ముఖం కందగడ్డ అయింది. తెర వదిలేసి లోపలికి పోయాడు.

"హమ్మయ్య! నేను తగ్గలేదు, కోటే పెరిగిందన్నమాట." టీచరమ్మ నవ్వబోయింది. బతుకంతా లెక్కలు చెప్పిన మనిషి, ఆ నవ్వు సగంలోనే ఆగింది. "మరి పోయినేడు నువ్వు చదివిన ముప్ఫై నాలుగు?"

తప్పించుకునే దారి ఉంది. మీకు మాత్రం ఎప్పుడూ నిజమే చెప్పానని అంటే సరిపోయేది.

"అప్పుడు ముప్ఫై ఆరమ్మా."

"అయితే పోయింది నాలుగు."

"నాలుగమ్మా."

ఆవిడ స్టూలు మీద కూలబడింది. ఇన్నాళ్ళూ తాను కలవరించిన నిజం ఇదా అనుకున్నాడు అతను. నాలుక కోసేసుకోవాలనిపించింది. టీచరమ్మ అతని మణికట్టు పట్టుకుంది.

"బాధపడకు. నా ఒంటి సంగతి నాకు తెలియదా? ఎవరో ఒకరు పైకి అంటే బాగుండునని, అంతే."

అంతలో ముసలాయన బెంచీ మీంచి లేచి గుమ్మం పట్టుకున్నాడు. చెవి కాస్త మందం. లోపలి గుసగుసలేవీ ఆయనకి అందలేదు.

"ఏమోయ్, ఎంతొచ్చింది? పెరిగిందా?"

టీచరమ్మ ఇలా చెప్పమని గానీ, చెప్పొద్దని గానీ సైగ చెయ్యలేదు. తెర వెనక కత్తెర చప్పుడు ఆగిపోయింది. ఏం చదవాలో చెప్పేవాళ్ళు ఆ గదిలో ఎవరూ లేరు. ముసలాయన నోరు కొంచెం తెరుచుకుని, జవాబు కోసం అతని పెదవులకేసే చూస్తున్నాడు.

"ముప్ఫై నాలుగండీ!" అని గట్టిగా చదివాడు.

"చూశావా! నేను చెప్పానా లేదా? పోయినవి రెండూ వచ్చేశాయి!" ముసలాయన గుమ్మంలోనే చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు.

టీచరమ్మ తల వంచుకుని వదులు కోటుకి గుండీలు పెట్టుకుంటోంది. అతను గోడకి ఆనుకున్నాడు. ఇన్నేళ్ళూ చదివినవి తండ్రివి, అన్నయ్యవి. ఇదొక్కటే అచ్చంగా తనది, ఎవరి నెత్తిన వెయ్యడానికీ లేదు.