తడి చేతి రాత

ఈ పొద్దున ల్యాబులో పట్టుకాయలు ఉడుకుతున్నాయి. సోడా నీళ్లలో దసలి పట్టుకాయ ఉడికే వాసనకు కొత్త పిల్లలు ముక్కు మూసుకుంటారు. నాకు మాత్రం రూతమ్మ మేడం గుర్తొస్తారు. కొంగు నడుముకు చెక్కుకుని, కళ్లద్దాల మీద ఆవిరి కమ్మినా తుడుచుకోకుండా, గిన్నెలోకి వంగి చూస్తూ ఉండేవారు.

కరీంనగర్‌లో నా పరిశోధన మొదలైంది ఆమె దగ్గరే. ఆసిఫాబాద్ అడవుల్లో నల్లమద్ది చెట్ల మీద పెరిగే పట్టుపురుగులు అల్లిన కాయలు మాకు బస్తాల్లో వచ్చేవి. వాటిని ఉడికించి జిగురు తీసి, పట్టును ఘాటైన ఉప్పు ద్రావణంలో కరిగించి, సన్నటి సంచుల్లో పోసి మంచినీళ్లలో వేలాడదీసేవాళ్లం. ఉప్పు మెల్లగా నీళ్లలోకి దిగిపోతుంది. ఆరుసార్లు నీళ్లు మార్చాక మిగిలే ప్రోటీన్‌ను పలచగా ఆరబెడితే ఉల్లిపొర లాంటి పొర వస్తుంది. పుండు మీద వేస్తే, కింద కొత్త చర్మం వచ్చేదాకా ఉండి, తర్వాత ఒంట్లోనే కరిగిపోవాలని మా ఆశ. ఎన్నాళ్లకు కరుగుతుందో తేల్చడానికి ప్రతి పొరకూ నంబరు వేసి వారం వారం తూచేవాళ్లం. మేడంకు ఒక పట్టింపు ఉండేది. నీళ్లు మార్చిన చేయి ఆరకముందే పుస్తకంలో రాయాలి. "చెయ్యి ఆరినంక రాస్తె, చేసింది గాదు బిడ్డా, చెయ్యాలనుకున్నది రాస్తం" అనేవారు. ఆమె పుస్తకాల్లో ప్రతి పేజీ తడి వేలిముద్రలతో ఉబ్బి ఉండేది. ఇదేం చాదస్తమని నేను చాటుగా నవ్వుకునేదాన్ని.

అప్పుడు నాన్న, మా బాపు, మందమర్రిలో మంచాన ఉన్నాడు. బతుకంతా బొగ్గు బాయిలో పనిచేసిన మనిషి. రిటైరయ్యాక షుగర్ ముదిరి, కాలి చిటికెన వేలి పక్కన మానని పుండు పడింది. వేలు తీయాల్సి రావచ్చని, ఇంకా ముదిరితే పాదమే తీయాలని డాక్టర్ అన్నాడు. ఆత్రగాడికి బుద్ధి మట్టమని ఊరికే అనలేదు. ఏ పరీక్షా పూర్తికాని పొరనొకదాన్ని ఎవరికీ చెప్పకుండా తీసుకుపోయి, బాపు కాలికి నేనే వేసి వచ్చాను.

తూచే రోజున మేడం నంబర్లు చదువుతూ ఆగిపోయారు. "పదకొండోది ఏది?"

తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. ఏడుస్తూ అంతా చెప్పేశాను. తిడతారనుకున్నాను. ఆమె ఒక్కటే అడిగారు. "గా సంచికి నీళ్లు ఎన్నిసార్లు మార్చినవ్?"

పుస్తకంలో ఆరు అని ఉంది. రాత నాదే. పేజీ పొడిగా, నున్నగా ఉంది. ఆ శనివారం మందమర్రి బస్సు తప్పిపోతుందని నాలుగుసార్లే మార్చి, ఆరు అని రాసేసి పరుగెత్తానని నాకు అప్పుడు గుర్తొచ్చింది. నా రాతను నేనే నమ్మి ఆ పొర తీసుకుపోయాను.

"నాలుగు" అన్నాను.

"పా, బస్సెక్కుదాం" అన్నారు మేడం.

ఇంట్లో ఆమె నేల మీద కూర్చుని బాపు పాదం ఒడిలో పెట్టుకున్నారు. బాపు కాలు వెనక్కి లాక్కోబోయాడు. "అయ్యో మేడం, మీరు నా కాళ్లు పట్టుడేంది!"

"ఊకో అన్నా. మా బాపు గూడ బాయి మనిషే."

పొర తీస్తే చుట్టూ ఎర్రగా వాచి ఉంది. మిగిలిన ఉప్పు వల్లనో, పుండే ముదిరిందో ఈరోజుకీ చెప్పలేను. చెప్పగలిగే పుస్తకాన్ని నేనే పాడుచేశాను. ఆ మధ్యాహ్నమే బాపును కరీంనగర్ ఆసుపత్రికి తీసుకొచ్చాం. చిటికెన వేలు పోయింది, కాలు దక్కింది.

బాపు ఊరుకుంటేనా! చూడవచ్చిన ప్రతివాడికీ "నా బిడ్డ పట్టు ఏసింది, గందుకే కాలు మిగిలింది" అని గొప్పలు చెప్పాడు. ఒక పాత దోస్తు తన పుండుకూ ఆ పట్టు కావాలని అడిగాడు. మేడం నన్ను వరండాలోకి పిలిచారు. "ఇగ చెప్పాలె. నేను చెప్పను, గది నీ పని" అని నా భుజం మీద చెయ్యి వేసి, లోపలికి పంపారు.

కాలు నిలిపింది ఆసుపత్రి, నా పట్టు కాదని, నాలుగుసార్లే నీళ్లు మార్చి ఆరు అని రాశానని చెప్పాను. బాపు కట్టు కట్టిన తన పాదం వైపు చూసుకున్నాడు.

"బాయిల విషగాలి ఉన్నదో లేదో చూడకుండనే చూసిన అని పుస్తకంల రాసెటోడు ఒకడుంటడు బిడ్డా. గది నమ్మి కిందికి దిగేది మేము" అన్నాడు. తర్వాత నా తల నిమిరాడు. "దిద్దినవా?"

"ఇంకా లేదు."

"జల్ది పో. ఇంకెవలన్న నమ్ముతరు గా ఆరును."

ల్యాబుకు వెళ్లేసరికి మేడం ఆ పేజీ తెరిచి పెట్టి ఉంచారు. ఆరు కొట్టేసి నాలుగు రాశాను. ఆ సంచితో చేసిన పొరలన్నీ ఆమె పారేశారు, నెలల పని. పక్కన నీళ్లలో కొత్త సంచి వేలాడుతోంది. "నీళ్లు మార్చు" అన్నారు, ఎప్పటిలాగే మెత్తగా.

మేడం లేరు, బాపూ లేడు. నా పుస్తకాలు ఇప్పుడు ఆమె పుస్తకాల్లాగే ఉబ్బి ఉంటాయి, కొత్త పిల్లలు చాటుగా నవ్వుతారు. నవ్వనీ. వాళ్ల పుస్తకాల్లో పొడిగా, నున్నగా ఉన్న పేజీ కనబడితే చాలు, బాపు పాదానికి లేని ఆ చిటికెన వేలే నాకు కనబడుతుంది.