దస్తగిరి వీపు

"పాప ఇవాళ ఏడవలేదన్నా. నావైపు చూడను కూడా లేదు. నన్ను వదిలేసుకుందేమో!"

కూతుర్ని దింపి వచ్చి, నర్సరీ గేటు దగ్గర చరిత ఈ మాట అన్నది వ్యాను డ్రైవరు దస్తగిరితో. ఈయన వీపు ఎలా ఉంటుందో అరబ్బు దేశంలోని ఈ మదీనత్ ఖలీఫా పేటలో ఎవరికీ తెలియదు. ఎక్కడి నుంచి బయల్దేరినా మొహం మనవైపే ఉంచి, వెనక్కి నడుస్తూనే పోతాడు. నర్సరీలో చెప్పుల స్టాండు ఆయన తగిలి పడని రోజు లేదు. ఒకసారి కిరాణాకొట్లో గుడ్ల అట్టల మీద చతికిలబడ్డాడు.

"ఏం భాయ్, నా దుకాన్ల పులి జొచ్చిందా?" అని కొట్టు బాసిత్ లబోదిబోమన్నాడు.

"పులి కాదు బ్బా, కూగరు. పులైతే గర్జించి చెప్తాది. ఇది పిల్లి మాదిరి గుర్రుమంటాది, అంతే" అన్నాడు దస్తగిరి.

దస్తగిరి అంతకుముందు ఊరవతల ఒక పెద్దాయన తోటలో కూగర్‌ని సాకాడు. అమెరికా కొండల్లో మాటువేసి జింకల్ని పట్టే జంతువు, ఇక్కడ ఏసీ గదిలో కోళ్ళు తిని పెరిగింది. జువాలజీ చదివిన చరితే అందరికీ వివరించేది: "దానికి వీపు చూపిస్తే మీద పడుతుంది. పాపం, ఆ భయం ఈయన్నింకా వదల్లేదు."

"పాప బొమ్మల్లో పడగానే చప్పుడు చెయ్యకుండా జారుకుంటున్నా. ఏడవకూడదనే కదన్నా!" అంది చరిత ఇవాళ గేటు దగ్గర.

"మా కూగరు రాణి గూడా ఏడ్సేదమ్మా. వచ్చినప్పుడు దానికి వొంటిమీద మచ్చలు గూడా పోలేదు."

మచ్చలున్నాయంటే నెలల పిల్ల అని చరితకు తెలుసు. అడవిలో అయితే ఏడాది దాటినా తల్లి వెంటే తిరగాల్సింది.

"నేను గిర్రున తిరిగి పోతే కంచె కాడ ఒకటే అరుపు. మొగం చూపిస్తా పోతే గేటు దాకా చూసి పండుకునేది. భయమెవురికమ్మా? నాక్కాదు, దానికి."

"ఇప్పుడెక్కడుంది?"

"నేను రాయచోటికి లీవులో పోయినప్పుడు యాడికో పంపించేసినారు." దస్తగిరి వ్యాను తాళాలు చేతిలో తిప్పాడు. "గేటు దిక్కు ఎంతసేపు చూసినాదో. ఆ పొద్దు నుంచి ఎవురికీ వీపు చూపించబుద్ధి కాదు."

మర్నాడు చరిత పాపకు చెప్పి బయల్దేరింది. పాప గుక్కపెట్టి, ఆమె కొంగు పట్టుకుని ఏడ్చింది. ఆ ఏడుపు విన్నాక ఆమెకు ప్రాణం లేచొచ్చింది. అప్పట్నుంచి రోజూ, ఆ రోజు గేటు దగ్గర ఆయన చెప్పినట్టే చేస్తోంది.

"దొంగ మాదిరి పోవద్దమ్మా. సాయంత్రం వస్తానని చెప్పు. ఏడిస్తే ఏడవనీ. మొగం చూపిస్తా నడువు, వెనక ఏముందో నేను చూస్తాండాలే."