ఇంజినుకు మోసిన మంచినీళ్ళు

ఈ ఏడు ఫిబ్రవరి నెల రెండో శనివారం, పొద్దున పదిన్నర గంటలకు, అల్లూరులో మా తమ్ముడు దేవసహాయం ఇంటి వెనకాల రేకుల షెడ్డులో, మా నాయన డీజిలు ఇంజినుకు తమ్ముడు హ్యాండిలు తగిలించాడు. అప్పటికే షెడ్డంతా వాసన పట్టేసి ఉంది. డీజిలు, కిరసనాయిలు, కొత్తగా పూసిన గ్రీజు, ఎండకు కాగిన రేకులు, గోడ పక్కన ఆరబోసిన నెత్తళ్ళ చేపలు, అన్నీ కలిసిన వాసన. చీర కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకోవలసింది పోయి నేను గట్టిగా పీల్చుకున్నాను. డెబ్బై దాటిన మనిషికి చిన్నతనం తిరిగి రావడానికి ఆ వాసన ఒక్కటి చాలు.

షెడ్డు బయట పాత ఇనుము కొనే మస్తాన్ చిన్న లారీ నిలబడి ఉంది. ఇంజిను నడిస్తే ఇంట్లో ఉంటుంది, నడవకపోతే ఆ పూటే లారీ ఎక్కుతుంది. తమ్ముడికీ అతని భార్య మార్తమ్మకూ మధ్య కుదిరిన మాట అది. రొయ్యల గుంటల్లో నీళ్ళు చిలికే మోటార్లు బాగుచేయడం తమ్ముడి పని. రిపేరుకొచ్చిన మోటార్లు బయట వానకు తడుస్తుంటే, ఎందుకూ పనికిరాని జనరేటరొకటి షెడ్డు నడిమధ్య కూర్చుందని మార్తమ్మ బాధ. ఆమె బాధలో తప్పేమీ లేదు. నాకు మాత్రం ఆ ఇంజిను లారీ ఎక్కకూడదు. ఎందుకో చెప్పాలంటే ముందు నీళ్ళ గురించి చెప్పాలి.

మా పల్లె అల్లూరుకు తూర్పున, సముద్రం హోరు మంచంలోకి వినపడేంత దగ్గర. చుట్టూ ఇసుక దిబ్బలు, తాటిచెట్లు, సరుగుడు తోపులు. ఎక్కడ తవ్వినా నీళ్ళు పడతాయి గానీ అన్నీ ఉప్పు నీళ్ళే. వాటితో పోసుకుంటే ఒళ్ళు ఆరేసరికి తెల్లటి పొడి లేస్తుంది, తలలో దువ్వెన దిగదు, పప్పు ఎంత మంట పెట్టినా ఉడకదు. మంచినీళ్ళకు ఊరి బయట పెద్ద దిబ్బ వెనక ఉండే చెలమలకు పోవాలి. ఇసుకలో మోకాలి లోతు గుంట తీసి, అంచున గొంతుక్కూర్చుని, నీరు ఊరేదాకా కాచుకుని, కొబ్బరి చిప్పతో పైపైన తోడి బిందెలో పోసుకోవాలి. తొందరపడితే ఇసుక లేచి అంతా పాడు. ఎండాకాలంలో ఒక బిందె నిండేలోపల మేం అచ్చంగాయలు ఆడుకుని, కొట్లాడుకుని, జుట్లు పట్టుకుని, మళ్ళీ కలిసిపోయేవాళ్ళం. కార్తీకం వానలకు చెయ్యి పెడితే చాలు, నీళ్ళు వాటంతట అవే పైకొచ్చేవి. అప్పుడు దిబ్బ మీద గాలి మనిషిని నిలబడనిచ్చేది కాదు.

మా నాయన యాకోబు ఆ ఇంజినును మద్రాసులో కొని, రైల్లో వేయించి, స్టేషను నుంచి ఎడ్లబండి మీద ఇంటికి తోలుకొచ్చాడు. అప్పటికి మా చుట్టుపక్కల పల్లెల్లో కరెంటు లేదు. పెళ్ళిళ్ళకు, నాటకాలకు, తిరునాళ్ళకు, మా చర్చి కూడికలకు వెలుగు కావాలంటే మా నాయన ఇంజినే. అటూ ఇటూ మా నడుమెత్తు చక్రాలు రెండు, మధ్యలో నల్లటి దిమ్మ, ఒక పక్కన బెల్టుతో తిరిగే డైనమో, ఇంకో పక్కన నీళ్ళ డ్రమ్ము. డ్రమ్ములోని నీళ్ళు గొట్టం గుండా ఇంజిను ఒంట్లోకి పోయి, అక్కడి వేడిని లాక్కుని, తిరిగి డ్రమ్ములోకి వస్తాయి. ఉప్పు నీళ్ళు పోస్తే లోపలి దారులు సున్నపురాయిలాగా పూడుకుపోయి ఇంజిను పగిలిపోతుందని అమ్మినవాడు చెప్పాడట. నాయన ఆ మాటను బైబిలు వాక్యంలాగా పట్టుకున్నాడు. ఇంట్లో మేం ఉప్పునీళ్ళు పోసుకునేవాళ్ళం, ఇంజిను మంచినీళ్ళు తాగేది.

మోసేది మా పెద్దక్క శాంతమ్మ, నేను. అక్కది ఇత్తడి బిందె, నాది మట్టికుండ. బడి గంట కొట్టే పొద్దుకు మేం దిబ్బ మీద ఉండేవాళ్ళం, కాళ్ళు ఇసుకలో కూరుకుపోతూ. పలకా బలపం మా ఇద్దరి చేతికీ రాలేదు. నాకు అక్షరాలు వచ్చింది నలభై దాటినాక, చర్చిలో సాయంత్రాలు ఆడవాళ్ళను కూర్చోబెట్టి నేర్పితే. అక్క నేర్చుకోకుండానే పోయింది. అందుకు నాయన మీద నాకు కోపం ఉంది. పోయినవాళ్ళ మీద కోపం పెట్టుకోకూడదంటారు. నాకు ఉంది.

అట్లాగని ఆ వెలుగు సంగతి దాచిపెడితే అబద్ధం చెప్పినట్టే. క్రిస్మసు ముందు రోజుల్లో వీధి వీధంతా బెల్లం పాకం వాసన, దంచిన మొలకొలుకుల బియ్యప్పిండి వాసన, ఆడవాళ్ళు అరిసెలు వత్తుతూ ఒకరి పాకాన్ని ఒకరు వెక్కిరించుకోవడం, చక్కిలాలు తడికె మీద ఆరక ముందే మేం తెంపుకుపోవడం. ఆ సాయంత్రం చర్చి ముందర పందిట్లో నాయన చొక్కా విప్పి, పంచె ఎగ్గట్టి, డ్రమ్ములో వేలు ముంచి నాలిక మీద రాసుకునేవాడు. రుచి చూడకుండా ఏనాడూ ఇంజిను తిప్పలేదు. ఆ తరవాత హ్యాండిలు పట్టేవాడు, బొటనవేలు మిగతా వేళ్ళ పక్కనే ఉంచి. చుట్టి పడితే ఇంజిను వెనక్కి తన్నినప్పుడు వేలు విరుగుతుంది. చక్రాలు బరువుగా కదిలి, ఊపిరి పీల్చినట్టు ఒకటి, దగ్గినట్టు ఒకటి, ఆ తరవాత నేల అదిరేటట్టు డబ్ డబ్‌మని అందుకునేది. పొగగొట్టం మూతికున్న రేకు మూత టపటప కొట్టుకునేది. బల్బులు ముందు పొయ్యిలో నిప్పుకణికల్లాగా ఎర్రబడి, పసుపు తిరిగి, ఒక్కసారిగా తెల్లబడేవి. మొదటిసారి ఆ వెలుగు వచ్చినప్పుడు ముసలివాళ్ళు కళ్ళకు చేతులు అడ్డం పెట్టుకున్నారు. నేను అమ్మ మొహం చూశాను. చీకటి పడినాక అమ్మ మొహం ఎప్పుడూ దీపం ఉన్న వైపు సగమే కనపడేది. ఆ పొద్దు మొత్తం కనపడింది, ముక్కుపుడక దగ్గరి చెమటతో సహా. ఇంత వెలుగులో నేను మోసిన కుండ కూడా ఉందని అక్క చెవిలో చెప్పాను. "గమ్మునుండు, దిష్టి తగలతాది" అంది అక్క.

నాటకమో కూడికో ముగిసి ఇంజిను ఆపినాక ఇంకో తంతు ఉండేది. డ్రమ్ములో నీళ్ళు పొగలు కక్కుతూ ఉంటాయి కదా. ఏ ఊరికి పోయినా ఆ నీళ్ళ కోసం బాలింతల తల్లులు, కీళ్ళనొప్పుల ముసలమ్మలు చెంబులు, తపేలాలు పట్టుకుని వరసలో నిలబడేవాళ్ళు. మంచినీళ్ళు, పైగా కాగినవి. కాస్త ఇనుము వాసన, కాస్త చమురు వాసన. ఇంజిను నీళ్ళు పోస్తే బిడ్డకు బలమని నమ్మకం. నాయన పిడత లెక్కన అందరికీ సమంగా పోసేవాడు, ఎవరినీ ఉత్త చేతులతో పంపేవాడు కాదు. మా ఒంటి మీద మాత్రం ఆ నీళ్ళు ఒక చెంబైనా పడలేదు. మేం మళ్ళీ చెలమకు పోవాలి.

ఒకసారి పక్క పల్లెలో పెళ్ళి. మేం చెలమకు బయలుదేరేలోపల పెళ్ళివారు మా మీద జాలిపడి, డ్రమ్ము వాళ్ళే నింపిపెట్టారు, పక్కనున్న ఉప్పుటేటి నుంచి. నాయన వేలు నాలిక మీద పెట్టుకుని ఉమ్మేసి, ఎవరితోనూ చెప్పకుండా డ్రమ్ము కుళాయి తిప్పేశాడు. నీళ్ళన్నీ ఇసుకపాలు. అవతల పొద్దు గూకుతోంది. పెళ్ళికొడుకు మేనమామ ఊగిపోయాడు.

"ఏం యాకోబూ, నీ ఇంజినేమన్నా కొత్తల్లుడా, దానికింత మర్యాద?"

"అల్లుడు అలిగితే రేపైనా వస్తాడన్నా. ఇది అలిగితే ఇంక రాదు" అన్నాడు నాయన.

మేనమామకు నవ్వొచ్చింది గానీ చీకట్లో తాళి ఎట్లా కడతారు. ఇద్దరు పిల్లలు డ్రమ్ము నింపేసరికి తెల్లారుతుంది. అప్పుడు పెళ్ళికూతురి మేనత్త పట్టుచీర కుచ్చెళ్ళు ఎగదోపి బిందె ఎత్తుకుంది. ఆమె వెనక ఇంకొకామె, ఆమె వెనక ఇంకొకామె. పూలు, గాజులు, పట్టుచీరలతో పెళ్ళి ఆడవాళ్ళంతా మా వెంట చెలమకు నడిచారు, దిబ్బ మీద లాంతర్ల వరస, చెలమ చుట్టూ నవ్వులు, పెళ్ళికొడుకు మీద పాటలు. బల్బులు వెలిగేసరికి ఆ పందిట్లో మోకాళ్ళ దాకా ఇసుకా తడీ అంటని చీర ఒక్కటి లేదు. ఎంత పెళ్ళి చూసినా నాకు పెళ్ళంటే అదే.

అక్కకు, తరవాత నాకు పెళ్ళిళ్ళయి వెళ్ళిపోయాం, నేను బోగోలుకు. తమ్ముడు నెల్లూరు లారీ షెడ్లలో పనికి కుదిరాడు. మేం పోయినాక కూడా ఇంజిను చాలా ఏళ్ళు నడిచింది, పల్లెలన్నిటికీ కరెంటు వచ్చేదాకా. ఆ ఏళ్ళల్లో నీళ్ళు ఎవరు మోశారో నేనెప్పుడూ అడగలేదు. మోసే ఆడపిల్లలు లేరు గనక ఉప్పునీళ్ళే పోసి ఉంటాడనుకున్నాను. అట్లా అయితే మా దిబ్బలూ మా బడీ అన్నీ గంగలో కలిసినట్టే.

అందుకే జనవరిలో తమ్ముడు ఇంజిను తల విప్పుతున్నానని ఫోను చేస్తే బస్సెక్కి వచ్చాను. "లోపల ఉప్పు పట్టుంటే పాతినుమేనక్కా, నేను చేసేదేం లేదు" అన్నాడు. బోల్టులు బిగుసుకుపోయి ఉన్నాయి. కిరసనాయిలు పోసి, నానబెట్టి, కర్రతో తట్టి, ఒక్కొక్కదాన్నీ బతిమాలి విప్పాడు. తల పైకి లేచింది. ఫోను లైటు వేసి చూపించాడు. నీళ్ళు తిరిగే దారులు ఎర్రటి ఇటుకపొడి పూసినట్టున్నాయి, అంతే. నేను వేలు పెట్టాను, వేలు అడుగుదాకా పోయింది. తీసి నాలిక మీద పెట్టుకున్నాను. ఇనుము రుచి. ఉప్పు లేదు.

"మేం పోయినాక ఎవరు మోసినార్రా?" అన్నాను.

అప్పట్లో నెల్లూరులో ఉండిన తమ్ముడికి తెలియదు. అరుగు మీద చేపలు తోముతున్న మార్తమ్మ తలెత్తకుండా చెప్పింది.

"మామే మోసుకునేవాడు వదినా, కావిడేసుకుని. కొత్తగా కాపరానికొచ్చి మామ దగ్గరే ఉండినాను గదా, నేను తెస్తానంటే బిందె ఇచ్చేవాడు కాదు. ఆడబిడ్డల చేత మోయించింది చాలు పో అనేవాడు."

"ఇన్నేళ్ళూ నాకొక మాట చెప్పలేదేందే?"

"నువ్వెప్పుడడిగినావు? వచ్చినప్పుడల్లా ఆయన్ని తిట్టి పోతివి."

ఆ దిబ్బ నాకు తెలుసు. కావిడి మోస్తూ ఆ వయసులో ఆ ఇసుకలో ఎక్కడం ఎట్లా ఉంటుందో నాకు తెలుసు. ఆ మాట నాయన నాకు నోటితో చెప్పి ఉంటే సరిపోయేది. మనిషి చెప్పలేదు, ఇనుము చెప్పింది. చాలాసేపు ఆ రంధ్రాల్లోకే చూస్తూ కూర్చున్నాను, చర్చిలో కూర్చున్నట్టు.

ఆ నెలంతా తమ్ముడు వాల్వులు రుద్దాడు, డీజిలు చిమ్మే నాజిలు మార్చాడు, డైనమో తీగచుట్టలు ఎండకు ఆరబెట్టాడు. ఫిబ్రవరి రెండో శనివారం మస్తాన్ లారీ తెచ్చాడు. ఇక తిప్పడమే. తమ్ముడు ఇంజిను తల మీదున్న చిన్న మీట చూపించి, "అక్కా, నేను దించు అన్నప్పుడు ఇది దించు" అన్నాడు. మీట ఎత్తి ఉంటే చక్రం తేలికగా తిరుగుతుంది, దించితే ఇంజిను అందుకోవాలి. చిన్నప్పుడు మమ్మల్ని డ్రమ్ము దాటి ఇటు రానిచ్చేవాడు కాదు నాయన. ఆ మీట మీద వేలు పెట్టడం నాకు అదే మొదలు.

మొదటిసారి నేను తొందరపడి దించాను. చక్రం గభాలున వెనక్కి తన్నింది.

"వదినకు అన్నిట్లో తొందరే" అంది మార్తమ్మ.

రెండోసారి తెల్లటి పొగ ఒక్క గుక్క వచ్చి ఆగిపోయింది. తమ్ముడు ఆయాసపడుతూ హ్యాండిలు మీద వాలిపోయాడు. అరవై దాటినాయి వాడికీ. మస్తాన్ బీడీ పారేసి లోపలికొచ్చి తమ్ముడి చేతుల పక్కనే హ్యాండిలు పట్టుకున్నాడు.

"ఇది నడిస్తే నీ బేరం పోతాది భాయ్" అంది మార్తమ్మ.

"ఇనుము యాడైనా దొరకతాదిలే అక్కా. ఇట్టా తిరిగేది యాడ దొరకతాది" అన్నాడు.

ఇద్దరూ కలిసి తిప్పారు. చక్రాల పుల్లలు కనపడకుండా పోయాయి. "దించక్కా" అన్నాడు తమ్ముడు. దించాను. ఒక దగ్గు, ఇంకో దగ్గు, ఆ తరవాత ఆ చప్పుడు నా అరికాళ్ళలో నుంచి లేచింది. రేకులన్నీ అదిరాయి. మేకుకు వేలాడదీసిన బల్బు ఎర్రబడి, పసుపు తిరిగి, పట్టపగలు తెల్లగా వెలిగింది. ఎండ ముందర ఆ వెలుగెంత. అయినా అందరం తలలెత్తి దానికేసే చూశాం. మార్తమ్మ చేతులు తుడుచుకుని, "అయితే మోటార్లకు ఇంకో రేకుల పంచ దించాల్సిందే" అని లోపలికి పోబోయి, పోకుండా అక్కడే నిలబడింది.

ఇప్పుడు ఆ పెద్ద దిబ్బ లేదు, చదును చేసి రొయ్యల గుంటలు తీశారు. చెలమలు ఆ గుంటల కింద ఉన్నాయి. డ్రమ్ములో ఆ పొద్దు పోసింది కూడా ఆటోలో వచ్చే క్యాన్ల నీళ్ళే. ఇంజిను ఆపినాక నీళ్ళు కాగి పొగలు కక్కుతుంటే, చెంబు పట్టుకుని ఏ తల్లీ రాలేదు.

ఆ రోజు ఆ షెడ్డులో ఉన్నది వీళ్ళు. నా తమ్ముడు దేవసహాయం. మా మరదలు మార్తమ్మ. పాత ఇనుము మస్తాన్. లారీ తోలుకొచ్చిన శీనయ్య. మోటారు కోసం వచ్చి, ఆ చప్పుడుకు పోకుండా నిలబడిపోయిన రొయ్యల గుంటల రమణయ్య. నేను, దీనమ్మను. మా పెద్దక్క శాంతమ్మ ఉండి ఉంటే ఆమె పేరు మొదట రాసేదాన్ని.