నల్లబీరుకు శివమ్మ మార్కు

షామీర్‌పేట కల్లు కాంపౌండులో కుండ దిగిందంటే మొదటి గ్లాసు శివమ్మ చేతికి రావాల్సిందే. ఆ హక్కు ఆమెకు ఎవరిచ్చారో ఎవరికీ గుర్తులేదు. వారమంతా నడుములు వంచి, ఆదివారం పూట తాటాకు పందిరి కింద చేరి, ఉడికించిన శనగలు ముందేసుకుని కూర్చునే ఆడవాళ్ల వరసలో మొదటి చోటు ఆమెది. గ్లాసు అందుకుని మూడు చుక్కలు మైసమ్మకని నేలమీద చల్లి, కళ్లు మూసుకుని ఒక గుక్క మింగి, మార్కు వేసేది.

పదికి ఇన్ని, నూటికి ఇన్ని అనే లెక్క కాదు. వరసలు పెట్టి వేసేది. అన్నింటికీ పైన "అల్లునికి పొయ్యొచ్చు". ఇంటికొచ్చిన అల్లుడికి నాసిరకం పోస్తే బిడ్డ మాట పడుతుంది కాబట్టి అది ఫస్టు క్లాసు. దాని కింద "వియ్యంకునికి". ఆ కింద "మొగునికి చాలు". అంటే బాగాలేదు కానీ పారబొయ్యలేం. అట్టడుగున "పట్వారికి". ఊరి భూముల లెక్కలతో ఆడుకున్న పట్వారీల ఉద్యోగాలు రద్దయి ఏళ్లు దాటినా శివమ్మ మార్కుల్లో మాత్రం ఆ ఉద్యోగం పోలేదు.

"ఏమే, నేను గీడనే కూసున్న గదనే!" అనేవాడు మొగుడి మార్కు పడ్డప్పుడల్లా ఆమె భర్త గండయ్య, చెరువులో పట్టిన చేపల వాసనతో సహా.

"అందుకే ఎర్కయ్యేటట్టు జెప్తున్న. నిన్ను జూసే గా మార్కు పెట్టిన."

పందిరంతా నవ్వేది. గండయ్యా నవ్వేవాడు. వేరే దారి లేదు.

ఆ కాంపౌండుకు ఎదురుగానే కొత్త కాలనీ లేచింది. అందులో యజ్ఞనారాయణ గారింట్లో శివమ్మ గిన్నెలు తోమేది. ఆయనది గోదావరి వైపు ఊరు, జీడిమెట్ల మందుల కంపెనీలో ఉద్యోగం. భార్య బాలాత్రిపురసుందరి కాలనీ మహిళా సంఘానికి అధ్యక్షురాలు. సారా మీద ఆడవాళ్లు పోరాడిన రోజుల్లో ఆవిడ నిజంగానే రోడ్డెక్కి నినాదాలిచ్చింది. ఆ కోపం న్యాయమైనదే. కల్లు వేరు, సారా వేరు అని మాత్రం ఆవిడ ఎప్పుడూ అనుకోలేదు. 1998 వేసవిలో, కాలనీ గేటు ఎదుట కాంపౌండు ఉండడానికి వీల్లేదని, చెరువు అవతలికి తోసెయ్యాలని అర్జీ తయారుచేసింది.

మగవాళ్లకు బార్లున్నాయి, వైన్‌షాపులున్నాయి. ఏదీ లేకపోతే కల్వర్టు మీదైనా కూర్చుంటారు. ఒళ్లు హూనమైన ఆడది నలుగురిలో కాళ్లు చాపుకుని కూర్చోవడానికి ఆ ఊళ్లో ఉన్నది ఆ ఒక్క పందిరే. దాన్ని చెరువు అవతలికి పంపితే అక్కడిదాకా నడిచి, తాగి, చీకటి పడకముందే తిరిగొచ్చి వంట చేసేదెవరు? శివమ్మకు నిద్ర పట్టడం లేదు.

ఇక యజ్ఞనారాయణ సంగతి. కంపెనీ ఆయన్ని మిషన్ల శిక్షణకని ఇంగ్లండు పంపింది. అక్కడ ఆయన మిషన్ల గురించి ఏం నేర్చుకున్నాడో గానీ, మాడేదాకా వేయించిన బార్లీతో చేసే పోర్టర్ అనే నల్లబీరు రుచి మరిగి వచ్చాడు. మేడ మీది గదిలో బార్లీ వేయించి, కాచి, బెల్లం కలిపి తనే తయారుచెయ్యడం మొదలుపెట్టాడు. భార్యకు "షుగరుకు బార్లీ కషాయం" అని చెప్పాడు. అందులో బెల్లమెందుకని ఆవిడ అడగలేదు. ఆయన అదృష్టం.

కానీ అది పొంగాలంటే పులియబెట్టే తోడు కావాలి. అందుకని కాంపౌండు నుంచి తాటికల్లు శివమ్మ టిఫిను డబ్బాలో వచ్చేది. కింద వరండాలో భార్య కల్లు మీద అర్జీ రాస్తుంటే, పైన భర్త అదే కల్లుతో బీరు పొంగిస్తున్నాడు.

"శివమ్మా, ఇట్రా" అని ఒకరోజు మెట్ల మలుపులో గుసగుసగా పిలిచి స్టీలు గ్లాసు అందించాడు.

"గిదేంది సారూ? ఇంజనాయిలా?"

"పోర్టర్. దొరలు తాగుతారు. నువ్వు మార్కు వెయ్యాలి."

మూడు చుక్కలు మైసమ్మకు పోయి, ఒక గుక్క మింగింది. "మాడిన రొట్టె నానేసిన నీళ్ల లెక్కున్నది."

"అదేనమ్మా దాని గొప్పతనం! ముందు మాడు, తర్వాత కాఫీ చేదు, ఆ వెనకాల..."

"ఎనుకాల ఏమున్నదో నాకెర్క లేదు గని, పట్వారికి."

ఆయన ముఖం వాడిపోయింది. ఇరవయ్యేళ్ల ఉద్యోగంలో పై అధికారులెవరూ అంత మాట అనలేదు. రెండోసారి బార్లీ మాడు తగ్గించాడు. అప్పుడు "మొగునికి చాలు" వచ్చింది.

"కొంచెం చూసి వియ్యంకుడికి వెయ్యరాదా? గ్రేసు మార్కులనుకో."

"వియ్యంకుడు గీ గ్లాసు జూసిండంటే లగ్గమే క్యాన్సలు జేస్తడు. గది సరే, కాంపౌండు లేపేస్తే మీ నల్లనీళ్లు ఎట్ల పొంగుతయి సారూ? అమ్మకు ఒక్క మాట జెప్పరాదు?"

"ఎవరు, నేనా? నాకు ప్రాణం మీద తీపి ఉంది శివమ్మా!"

మూడోసారి అల్లుడి మార్కు కొట్టి తీరాలని పట్టుబట్టాడు. బెల్లం రెట్టింపు చేశాడు, కల్లు ఇంకాస్త పోశాడు. ఆయుర్వేద మందుల ఖాళీ సీసాల్లో నింపి, మూతలు బిగించి, మేడగదిలో వరసగా పేర్చాడు. మే నెల. రేకుల కప్పు.

ఆదివారం ఉదయం వరండాలో సంఘం సమావేశం. పక్కింటి హేమచంద్ సంతకం పెట్టడానికి పెన్ను తీశాడు. శివమ్మ టీ కప్పులు అందిస్తూ ఆ పెన్ను వంకే చూస్తోంది.

పైన ఢామ్మంది.

"సిలిండరు!" అని హేమచంద్ కుర్చీ కింద దూరాడు. వెంట వెంటనే మరికొన్ని పేలాయి. కాసేపటికి మేడమెట్ల మీద నల్లటి నురుగు ఒక్కో మెట్టూ దిగుతూ, చుట్టపుచూపుగా వచ్చినంత నింపాదిగా వరండాలోకి వచ్చింది. నేలమీద పడ్డ అర్జీని తడిపి, అధ్యక్షురాలి పాదాల దగ్గర ఆగింది.

"ఏవండీ! ఏంటండీ ఇది?"

యజ్ఞనారాయణ పగలని సీసా ఒకటి పసిపిల్లలా చంకనేసుకుని దిగాడు. "అరిష్టం. ఆయుర్వేదం. సీసా మీద రాసే ఉంది చూడు."

"కషాయం పేలుతుందా?"

"ఎండకి..."

ఆవిడ ఆ సీసా లాక్కుని గ్లాసులో ఒంపి, భర్తను వదిలేసి శివమ్మ వైపు తిరిగింది. "నీకు ఇలాంటివి తెలుసుగా. తాగి చెప్పు. ఇది ఔషధమా, తాగుడుకు చేసిందా?"

వెనక నుంచి సారు రెండు చేతులూ జోడించి దండాలు పెడుతున్నాడు. ఔషధమంటే సారు పరువు నిలుస్తుంది, కానీ టీ చల్లారేలోపు సంతకాలైపోయి కాంపౌండు లేచిపోతుంది. తాగుడుకే అంటే రేపట్నుంచి ఈ ఇంట్లో పని ఉండదు. శివమ్మ గ్లాసు అందుకుంది. మైసమ్మకు మూడు చుక్కలు చల్లింది. కళ్లు మూసుకుని మింగింది. ఏం చెప్పాలో తేలక కళ్లు మూసుకునే ఉండిపోయింది.

యజ్ఞనారాయణ ఎంతసేపని ఆగగలడు? జోడించిన చేతులు కిందికి జారాయి. మెడ ముందుకు సాగింది.

"అల్లుడికేనా?" అన్నాడు ఆశగా. "ఈసారి కల్లు కూడా ఎక్కువ పోశాను కదా!"

వరండాలో తలలన్నీ ఆయన వైపు తిరిగాయి.

"కల్లా?" అంది బాలాత్రిపురసుందరి.

శివమ్మ కళ్లు తెరిచింది. ఇక దాచడానికేమీ మిగల్లేదు. "అవునమ్మా, గా కాంపౌండుదే. నేనే తెచ్చిన. మీ మేడ మీదుంటే అరిష్టం, మా పందిరి కిందుంటే అన్యాయమా? సారు ఒక్కడే తలుపేసుకొని తాగుతడు. మేం పదిమంది ముంగట కూసుంటం. గంతే ఫరకు."

అధ్యక్షురాలు నురుగులోంచి కాళ్లు వెనక్కి తీసుకుంది. కుర్చీ కింద నుంచి బయటపడ్డ హేమచంద్ మాత్రం నురుగులో వేలు ముంచి నాకి, "బాగుందండీ, మళ్లీ ఎప్పుడు చేస్తున్నారు?" అన్నాడు. ఆవిడ చూసిన చూపుకు పెన్ను జేబులో పెట్టుకుని ఇంటికి పోయాడు.

కొత్త అర్జీ ఎవరూ రాయలేదు. రాస్తే అందులో మొదటి ముద్దాయి పేరు ఎవరిదో కాలనీ మొత్తానికి తెలుసు మరి. పందిరి ఉన్నచోటే ఉంది.

శివమ్మ పనీ పోలేదు, కానీ అమ్మగారు వారం రోజులు ముఖం ముడుచుకునే తిరిగింది. తర్వాత ఒక మధ్యాహ్నం వంటింటి గుమ్మంలో నిలబడి, ఎవరూ లేరని చూసుకుని, గొంతు తగ్గించింది.

"ఆ రోజు నువ్వు చెప్పనే లేదు. ఇంతకీ దానికి మార్కెంత?"

శివమ్మ గిన్నె బోర్లించింది. "మళ్ల మొగునికే అమ్మా."

"అంటే పాసయినట్టా, తప్పినట్టా?"

"బాగాలేదు, పారబొయ్యలేం. గంతే."

వరండాలో యజ్ఞనారాయణ పేపరు ముఖం మీద కప్పుకుని, నోరు తెరుచుకుని గురక పెడుతున్నాడు. బాలాత్రిపురసుందరి ఆయన్ని కాసేపు పరకాయించి చూసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నా నవ్వు ఆగలేదు.

"సరిగ్గానే వేశావే" అంది.