మామ చెప్పిన మంచు

బెంగళూరు నుంచి సర్జాపుర దాటి కొంచెం దూరం పోతే, రోడ్డు పక్కన ఒక పెద్ద గోడౌను మీద స్కీ రిసార్ట్ అని బోర్డు ఉంటుంది. లోపల మెషీన్లు కురిపించిన మంచు, ఒక మూల చిన్న దిబ్బ. కాళ్ళకు పలకలు కట్టుకుని ఆ దిబ్బ మీద నుంచి జారడాన్ని అక్కడ స్కీయింగ్ అంటారు. ఎండాకాలం సెలవులు వాళ్ళ సీజను. బళ్ళు తెరిచే ముందు వచ్చే ఆదివారంతో అది ముగుస్తుంది, తర్వాత మరమ్మతులకని మూసేస్తారు. మేము పోయింది ఆ ఆఖరి ఆదివారమే. బుద్ధి ఉన్నవాళ్ళెవరూ ఆ రోజు అటువైపు కారు తిప్పరు. మేము పోవలసి రావడానికి కారణం మామ.

మామ అంటే మా నాన్న చెల్లెలి భర్త. హిందూపురం పక్కనుంచి మిలిటరీలోకి పోయి, రిటైరై వచ్చి, బెంగళూరులో ఒక ఫ్యాక్టరీ గేటు దగ్గర సెక్యూరిటీగా చేరాడు. కె.ఆర్. పురంలో రెండు గదుల ఇల్లు కట్టుకున్నాడు. ఇంజనీరింగ్ చదివినన్నాళ్ళూ నేను ఆ ఇంట్లోనే ఉన్నాను. అత్త పెట్టిన అన్నంతో పాటు మామ చెప్పిన మంచు కథలు కూడా పూటపూటా మింగాను. నడుములోతు మంచు, పక్కనున్న మనిషి కనపడని తెలుపు, చేతికి అంటుకుపోయే తుపాకి. ప్రతి కథలోనూ కొబ్బరినూనె తప్పకుండా ఉండేది.

"తెల్లారి లేస్తూనే తలకు, మీసాలకు, చేతులకు నూనె పట్టించుకుంటాంటిమి. ఊరి నుంచి డబ్బాలు తెప్పిచ్చుకుంటాంటిమి. మన కొబ్బరినూనె పూసుకున్నోని దగ్గరికి చలి రాదప్పా," అనేవాడు. వచ్చినవాళ్ళు నోరు తెరుచుకుని వినేవాళ్ళు.

కథల వరకైతే పోనీలే అనుకోవచ్చు. ఆ మంచును తెచ్చి అత్త నెత్తిన పోసేవాడు. ఆమెకు జ్వరం వచ్చినా, చీకట్లో లేచి నీళ్ళు పట్టి నడుం పట్టేసినా, చెయ్యి కాలినా ఒకటే మాట. "మంచులో నిలబడినోని ముందర చెప్తాండావా?" మా నాయనమ్మ పోయిన రోజు అత్త తల్లి పాదాల దగ్గర కూర్చుని ఏడుస్తోంది. నలుగురూ ఉన్నారు. మామ గడప దగ్గర నిలబడి, "మా పక్కనోడు మంచులో పోయినప్పుడు మేము ఏడ్వలేదు. ఏడిస్తే కన్నీళ్ళు గడ్డకడతాయి. నువ్వు ఉత్తపుణ్యానికి ఏడుస్తాండావు," అన్నాడు. అత్త కొంగుతో ముఖం తుడుచుకుని ఏడుపు ఆపేసింది. నాకు ఆ మనిషి మీద అసహ్యం పుట్టింది అప్పుడే. ఇప్పటికీ ఉంది.

ఈ ఎండాకాలం మొదట్లో ఆ మంచు హాలు ప్రకటన నా ఫోన్లో అత్త కంటపడింది. అప్పటికే నాకు బెళ్ళందూరులో ఉద్యోగం, సర్జాపుర రోడ్డులో అపార్టుమెంటు. ఆమె వారం పది రోజులు ఉండిపోదామని వచ్చింది.

"పాపా, ఇది నిజంగా మంచేనా?"

"చల్లగా అయితే ఉంటుందత్తా. మైనస్‌లో పెడతారు."

"అయితే నన్ను తీసకపో. ఆయన్ను గూడా. ఆయన కండ్ల ముందర నిలబడాల నేను. పోయినప్పటి నుంచి బయటికి తోలేదాకా, అబ్బా అనకుండా నిలబడాల. ఆ మనిషి నోరు మూతపడాల."

అంత గట్టిగా ఆమె ఏదైనా అడగడం నేనెప్పుడూ వినలేదు. నాకూ హుషారు పుట్టింది. అయితే మామ ఒక పట్టాన కదల్లేదు. ఒక ఆదివారం మోకాలు నొప్పి. ఇంకో ఆదివారం ఎవరిదో గృహప్రవేశం. మరో ఆదివారం, "అదొక మంచా, ఐసు ఫ్యాక్టరీ గదా," అన్నాడు. మే నెలంతా ఇలాగే జరిగింది. చివరికి మూసేసే ముందు ఆదివారం పొద్దున నేను కారు తీసుకుని కె.ఆర్. పురం పోతే, అత్త చీర కింద నా స్పోర్ట్స్ షూ వేసుకుని వచ్చి సోఫాలో కూర్చుంది. మామ ఆ షూ వైపు చూసి, ఇక సాకులు లేక, కొబ్బరినూనె సీసా ఇమ్మన్నాడు.

తలకు, మీసాలకు కారేలా పట్టించాడు. మమ్మల్నీ పూసుకోమన్నాడు. నా జాకెట్టు కంపు కొడుతుందని నేను, తలస్నానం చేశానని అత్త తప్పించుకున్నాం. "మీ ఖర్మ," అన్నాడు. కారులో దారిపొడుగునా మంచులో ఎలా అడుగు వేయాలో, ఊపిరి ఎలా పీల్చాలో పాఠం చెప్పాడు. అత్త ముందు సీట్లో కూర్చుని కిటికీలోంచి చూస్తూ ఉంది.

అక్కడికి పోయేసరికి సగం బెంగళూరు వచ్చి ఉంది. సెలవులన్నీ ఫోన్లలో గడిపేసి, చివరి రోజు పిల్లలకు ఏదో ఒకటి చూపించామని అనిపించుకోవడానికి వచ్చిన తల్లిదండ్రులు. ఒక్కో అపార్టుమెంటు నుంచి ఒక్కో మనిషి లైన్లో నిలబడి ఉన్నాడు. తలుపు తెరిచేసరికి వాడి వెనక పన్నెండు మంది మొలిచారు. ఇదేంటని నేను అరిచాను. "ఫ్యామిలీ మేడమ్," అన్నాడు వాడు. వాడి ఫ్యామిలీలో ముగ్గురు తమిళులు, ఇద్దరు బెంగాలీలు.

కోట్లు ఇచ్చే చోట ఇంకా ఘోరం. బెల్లు కొట్టి బయటికి పంపిన ముందు బ్యాచ్ వాళ్ళు విప్పిన కోట్లు విప్పినట్టే మాకు ఇస్తున్నారు. లోపల వాళ్ళ చెమట ఇంకా వెచ్చగా ఉంది. సాక్సుల కంపుకు కళ్ళు మండాయి. కోట్లు చాలడం లేదని తెలిసి జనం మీద పడ్డారు. ఒకావిడ అత్త చేతిలో ఉన్న కోటు చెయ్యి పట్టుకుని లాగింది. "ఆంటీ, మీరు ఇక్కడే కూర్చోవచ్చు కదా, పిల్లలు వెళ్ళనీ," అంది. అత్త కోటు వదల్లేదు. ఆవిడ గోళ్ళు అత్త మణికట్టు మీద గీతలు పెట్టాయి. నేను ఆవిడను భుజంతో ఒక్క తోపు తోశాను. ఆ తోపు ఇప్పుడు తలుచుకున్నా నాకు హాయిగా ఉంటుంది.

లోపల మంచు ఉంది. సీజను చివరి మంచు. బూడిదరంగులోకి తిరిగి, తొక్కీ తొక్కీ చిత్తడై, అందులో పాప్‌కార్న్, జడక్లిప్పులు, ఎవరిదో ఒక పిల్లల చెప్పు. దిబ్బ దగ్గర తాడు పట్టుకుని పైకి పోయేవాళ్ళ మీదికి పైనుంచి జారేవాళ్ళు పడుతున్నారు. పడ్డవాళ్ళను లేపే దిక్కు లేదు, అందరి చేతుల్లోనూ ఫోన్లు. ఒక పిల్ల వేళ్ళ మీద ఎవరో పలకలతో ఎక్కితే, ఆ పిల్ల ఏడుస్తున్నది కూడా వీడియో తీశారు. ఉద్యోగి ఒకడు "జాగ బిడి, జాగ బిడి" అని కన్నడంలో అరుస్తూ తిరుగుతున్నాడు. ఎవరూ జరగలేదు, జరగడానికి చోటు ఉంటే కదా.

అత్త ఆ గుంపు మధ్యలో ఒక చోటు చూసుకుని కాళ్ళు దూరంగా పెట్టి నిలబడింది. చేతులు కట్టుకుంది. ముక్కు ఎర్రబడింది, పెదవులు వణుకుతున్నాయి, మాట మాత్రం లేదు. మామ పక్కనే ఉన్నాడు. దారిలో చెప్పిన పాఠం ప్రకారం అడుగు వేయబోయి రెండుసార్లు నా మీద పడ్డాడు. నేను దాన్ని వయసు కింద లెక్కగట్టాను.

కాసేపటికి ఒక పిల్లవాడు మామ వైపు వేలు పెట్టి, "మమ్మీ, శాంటా క్లాస్!" అని కేక పెట్టాడు.

చూస్తే మామ మీసాలు తెల్లగా కొయ్యబారి ఉన్నాయి. కనుబొమలు తెల్లగా ఉన్నాయి. తలవెంట్రుకలు అట్టలు కట్టి నిలబడ్డాయి. ఆయన రంగు వేసుకునే మనిషి కాబట్టి నల్ల జుట్టు మీద ఆ తెలుపు ఇంకా కొట్టొచ్చినట్టు కనబడుతోంది. చుట్టూ ఉన్నవాళ్ళు విరగబడి నవ్వారు. చూడ్డానికి వేరే ఏమీ మిగలని ఆ గుంపుకు మామ దొరికాడు. "అంకుల్, ఒక్క సెల్ఫీ." "అంకుల్, ఇటు చూడండి, హో హో హో అనండి." ఎవరో ఒకడు మీసం చివర పట్టుకుని విరుస్తూ రీల్ తీసుకున్నాడు. మామకు ఏం జరుగుతోందో తెలియలేదు. మీసం తడుముకుని, చేతికి వచ్చిన తెల్లటి ముక్కను చూసి, "మంచు పడింది," అన్నాడు.

అత్త దగ్గరికి వచ్చింది. గ్లవ్ విప్పి, ఆయన మీసం మీద గోటితో గీకి, వాసన చూసింది.

"మంచు కాదు. నూనె."

తర్వాత ఆమె ఆ గోటిని, మామ ముఖాన్ని మార్చి మార్చి చూసింది. ఆమె ఏం ఆలోచిస్తోందో నాకు అందింది. డిసెంబరు వస్తే బెంగళూరులో ప్రతి ఇంట్లోనూ కొబ్బరినూనె గడ్డకడుతుంది. ఆ ఇంట్లో నేను ఉన్న ఏళ్ళల్లో రోజూ చూశాను. అత్త మామ కంటే ముందే లేచి, సీసాను వేణ్ణీళ్ళ చెంబులో పెట్టి, కరిగాక తెచ్చి ఆయన పక్కన పెట్టేది. పెళ్ళయిన దగ్గరనుంచీ అంతే. గడ్డకట్టిన నూనె మామ కంటపడి ఉంటే అది ఆ మంచులోనే పడి ఉండాలి.

"ఏమప్పా," అంది అత్త, మెల్లగా. "ఆ మంచులో నీకు పొద్దున్నే నూనె ఎవరు కరగబెట్టి ఇస్తాండ్రి?"

"కరగబెట్టేదేంది?" అన్నాడు మామ.

ఆయనకు ప్రశ్నే అర్థం కాలేదు. ఆ ఒక్క మాటతో అన్నేళ్ళ కథలన్నీ నా కళ్ళ ముందే కూలిపోయాయి. అత్తకు ఒక్కసారిగా నవ్వు వచ్చింది. కళ్ళ నీళ్ళు కారేదాకా నవ్వింది. చెంపలు తుడుచుకుని ఆ తడి చెయ్యి నాకు చూపించింది. "ఇవి గడ్డకట్టలేదే పాపా," అంది.

మామ ముఖం మాడిపోయింది. ఇక పోదాం అన్నాడు, కాళ్ళు మొద్దుబారినాయి అన్నాడు. తలుపు వైపు తిరిగితే అక్కడ తర్వాతి బ్యాచ్ వాళ్ళు మేము బయటికి రాకముందే లోపలికి తోసుకుని వస్తున్నారు. అత్త ఆయన మోచెయ్యి పట్టుకుంది. "బెల్లు కొట్టలేదు ఇంకా," అంది. సెల్ఫీ అడిగిన వాళ్ళందరికీ ఆయన్ను తిప్పి తిప్పి చూపించింది. "తీసుకోండప్పా, మిలిటరీ మనిషి. ఆయనకు చలి తెలీదు." ఆయన పళ్ళు టకటకమంటున్నాయి. నేను పక్కనే ఉన్నాను. జాలిపడాలని నాకు తెలుసు. ఒక్క చుక్క జాలి రాలేదు.

ఆ టకటకల మధ్యే చెప్పాడు, తల వంచుకుని, మమ్మల్ని చూడకుండా.

"కింద స్టోర్లో ఉంటి. కంబళ్ళు కట్టలు కట్టి పైకి పంపేది నా పని. ఒకసారి రైల్లో పోతా చూసినా. దూరంగా కొండల మింద తెల్లగా ఉండె."

బెల్లు కొట్టేదాకా అత్త కదల్లేదు. చివరి మనిషి వరకు పోనిచ్చి, ఆ తర్వాత బయటికి వచ్చింది. తను అనుకున్నది అనుకున్నట్టే చేసింది. కోటు విప్పి ఇచ్చేటప్పుడు ఆమె ముఖంలో గెలిచిన సంతోషం వెతికాను. కనపడలేదు.

కారు రోడ్డెక్కింది. సెలవుల చివరి ట్రాఫిక్, అంగుళం అంగుళం కదులుతోంది. మామ వెనక సీట్లో ముడుచుకుని కూర్చున్నాడు. మీసాల నూనె మళ్ళీ కరిగి గడ్డం మీదికి కారుతోంది. చాలా దూరం పోయాక అత్త మాట్లాడింది. గొంతు తగ్గించలేదు, వెనక మనిషి ఉన్నాడన్న ధ్యాసే లేనట్టు మాట్లాడింది.

"నిజంగా మంచులో ఉండింటే బాగుండు పాపా ఆ మనిషి."

నేను ఆమె వైపు తిరిగాను.

"అంత కష్టం పడొచ్చినాడు కదా, నోటికి అదుపు లేకపోతే ఏమిలే అనుకుంటి. మా అమ్మ శవం ముందర అన్న మాట గూడా అందుకే మింగితి. పడినోనికి తెలుస్తాది అనుకుంటి. ఇప్పుడు ఏమనుకునేది? స్టోర్లో కూచ్చోని వచ్చినోని చేత పడింటి నేను. దేనికి పడింటి?"

ఆమెకు నేను చేసిన మేలు ఇదా అని నా మీద నాకే మండింది. ముందున్న బస్సు మీద హారన్ కొట్టాను. బస్సు చేయగలిగింది ఏమీ లేదు.

వెనక నుంచి మామ గొంతు సన్నగా వినపడింది. "పాపా, ఆ ఏసీ ఆపేస్తావా. వణుకు తగ్గలేదు."

ఏసీ వైపు నా చెయ్యి పోయేలోపు అత్త వంగి ఆ బటన్ల వైపు చూసింది. ఆమెకు కారు నడపడం రాదు, అవి ఏంటో ఎప్పుడూ పట్టించుకోలేదు.

"పాపా, దీన్ని పెంచేది ఏది?" అంది.

నేను చూపించాను.